ప్రజాధనం, ఆయుధ వాటాలు: నార్వే చమురు నిధి నైతిక ప్రమాణాలు

ప్రజాధనం ఆయుధ పరిశ్రమను రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి కొనుగోలు దారి. రక్షణ బడ్జెటులో పద్దుగా మొదలై, చట్టసభలో చర్చకు వచ్చి, టెండర్లూ ఆడిట్లూ దాటుకుంటూ సాగే ఆ దారిలో ఎన్ని లోపాలున్నా, అది నలుగురి కళ్ల ముందూ నడిచే వ్యవహారం. రెండోది పెట్టుబడి దారి. ఉద్యోగుల భవిష్య నిధి గానీ, పింఛను నిధి గానీ, చమురు వంటి సహజ వనరుల ఆదాయాన్ని కూడబెట్టి ఒక దేశం నెలకొల్పుకున్న సార్వభౌమ సంపద నిధి గానీ స్టాక్ మార్కెట్లలో వాటాలు కొన్నప్పుడు, ఆ వాటాల్లో కొన్ని క్షిపణులూ యుద్ధవిమానాలూ తయారుచేసే కంపెనీలవి అయి ఉంటాయి, ఆ సంగతి చాలా దేశాల్లో చర్చకే రాదు. ఆయుధం కొన్నప్పుడు ప్రభుత్వం కొనుగోలుదారు మాత్రమే; వాటా కొన్నప్పుడు అది, దాని ద్వారా దాని పౌరులు, ఆ కంపెనీకి యజమానులలో ఒకరవుతారు. కంపెనీ చేసే పనిలో యజమానికి ఉండే బాధ్యత ఎంత, దానిని ఏ ప్రమాణంతో కొలవాలి అన్న ప్రశ్నను చట్టంగా, సంస్థగా, బహిరంగ నిర్ణయాల పరంపరగా మలచిన దేశాలలో నార్వేది మొదటి వరుస. ఆ ప్రయత్నం 2002 నుంచి 2025 దాకా నడిచిన తీరు, చివరకు దానికి తగిలిన అడ్డు ఈ ఉపన్యాసానికి విషయం.

ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్ క్షేత్రంలో 1969లో చమురు బయటపడిన తరువాత, ఆ రాబడి అంతా ఒక తరమే తినేయకుండా ఉండేందుకు నార్వే 1990లో చట్టం చేసి పెట్రోలియం నిధిని ఏర్పరచింది. 1996లో అందులో తొలి సొమ్ము జమ అయింది, 1998 నుంచి వాటాలలో పెట్టుబడి మొదలైంది, 2006లో దాని పేరు ప్రభుత్వ పింఛను నిధిగా మారింది. పేరులో పింఛను ఉన్నా ఏ ఒక్క పౌరుడి ఖాతా అందులో లేదు. నిధికి యజమాని ఆర్థిక మంత్రిత్వ శాఖ; నిర్వహణ నార్వే కేంద్ర బ్యాంకుది. 2024 చివరికి దాని విలువ 19 లక్షల 70 వేల కోట్ల క్రోనర్లు, అంటే సుమారు 150 లక్షల కోట్ల రూపాయలు. ప్రపంచంలో స్టాక్ మార్కెట్లకెక్కిన కంపెనీలన్నిటిలో సగటున ఒకటిన్నర శాతం వాటా ఆ ఒక్క నిధిదే. దాదాపు 55 లక్షల జనాభా ఉన్న దేశం లోకంలోని దాదాపు ప్రతి పెద్ద కంపెనీకీ చిన్న యజమాని కావడం ఈ కథకు మూలం. దాని చిక్కుకు కూడా అదే మూలం.

నైతిక ప్రమాణాల చర్చ మొదలైనది ధర్మశాస్త్ర గ్రంథాలనుంచి కాదు, ఒక ఒప్పందంలోని ఒక క్లాజు నుంచి. మనుషులను లక్ష్యంగా చేసుకునే మందుపాతరలను నిషేధించే ఒప్పందం పాఠాన్ని 1997 సెప్టెంబరులో ఓస్లోలోనే ఖరారు చేశారు. ఆ ఏడాది డిసెంబరులో ఒట్టావాలో సంతకాలు జరిగాయి. మందుపాతరలను వాడరాదు, తయారుచేయరాదు, నిల్వచేయరాదు అన్న నిషేధాలతో పాటు, నిషిద్ధమైన ఆ పనులలో ఎవరికీ ఏ విధంగానూ తోడ్పడరాదని కూడా అందులో ఉంది. ఒక కంపెనీలో వాటా కలిగి ఉండటం తోడ్పాటు కిందికి వస్తుందా? సింగపూర్ టెక్నాలజీస్ కంపెనీ సమూహంలో మందుపాతరల తయారీ జరుగుతున్నదని, అందులో చమురు నిధికి వాటా ఉందని తేలినప్పుడు ఈ ప్రశ్న తప్పించుకోలేనిదైంది. నిధికి అంతర్జాతీయ న్యాయ విషయాలలో సలహా ఇచ్చేందుకు ఏర్పాటైన సంఘం, వాటా ఎంత చిన్నదైనా ఒప్పందాన్ని ఉల్లంఘించినట్లు కావచ్చునని అభిప్రాయపడింది. 2002లో ఆ వాటాను వదులుకున్నారు. వాటా పరిమాణాన్ని బట్టి దోషం తగ్గదన్న సూత్రం అక్కడ పుట్టింది. మదుపు ప్రపంచంలో ఆనాటికి చెల్లుబాటులో ఉన్న సమర్థన దీనికి సరిగ్గా ఎదురు: ఒక శాతం వాటాదారు కంపెనీని శాసించలేడు కనుక అతనికి బాధ్యత లేదన్నది ఆ వాదం.

అదే సంవత్సరం న్యాయశాస్త్ర ఆచార్యుడు హాన్స్ పెట్టర్ గ్రావర్ అధ్యక్షతన నియమితమైన సంఘం 2003లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 2004లో నైతిక మార్గదర్శకాలు, వాటిని అమలుపరచేందుకు ఐదుగురు సభ్యుల నైతిక మండలి వచ్చాయి. ఆ నివేదిక నిధికి రెండు కర్తవ్యాలను నిర్దేశించింది. చమురు సంపదలో రేపటి తరాలకు న్యాయమైన వాటా దక్కేలా మంచి రాబడి సంపాదించడం ఒకటి. ఆ సంపాదన కోసం ఇతరుల ప్రాథమిక హక్కులను తీవ్రంగా హరించే పనులలో పాలుపంచుకోకపోవడం రెండోది. ఇక్కడ పాలుపంచుకోవడం అన్న మాటకు సంఘం ఇచ్చిన పరిమితి గమనించదగ్గది: కంపెనీ నిన్న చేసిన తప్పుకు శిక్షగా వాటా అమ్మరు, రేపు కూడా ఆ తప్పు కొనసాగే ముప్పు ఆమోదించలేనంతగా ఉన్నదా లేదా అన్నదే చూస్తారు. తొలగింపు శిక్ష కాదు గనుక నేరాన్ని సందేహాతీతంగా రుజువు చేయనక్కరలేదు; కంపెనీ నడత మారితే తిరిగి వాటా కొనడానికీ అభ్యంతరం లేదు. వాల్‌మార్ట్‌ను 2006లో, రియో టింటోను 2008లో తీసివేసి, రెంటినీ 2019లో తిరిగి చేర్చుకోవడం ఈ తర్కం ప్రకారమే.

ఆయుధాల విషయంలో మొదటి ప్రమాణం ఆయుధ స్వభావాన్ని బట్టి ఏర్పడింది. మామూలుగా వాడినా సరే మానవీయ సూత్రాలను ఉల్లంఘించే ఆయుధాలను, అంటే సైనికుడికీ పౌరుడికీ తేడా చూపలేనివీ, అనవసరమైన బాధ కలిగించేవీ అయిన వాటిని, లేదా వాటి కీలక భాగాలను తయారుచేసే కంపెనీలలో వాటా ఉండరాదన్నది ఆ నియమం. రైఫిల్, టాంకు, మామూలు యుద్ధవిమానం ఈ నియమం కిందికి రావు. వాటిని చట్టబద్ధంగానూ వాడవచ్చునని మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. 2005లో క్లస్టర్ బాంబుల కారణంగా లాక్‌హీడ్ మార్టిన్, రేథియాన్, జనరల్ డైనమిక్స్, థాలెస్ మొదలైన కంపెనీలు తొలగింపు జాబితాకెక్కాయి. క్లస్టర్ బాంబు గాలిలో విచ్చుకుని, పదుల నుంచి వందల దాకా చిన్న బాంబులను ఒక ప్రాంతమంతా వెదజల్లుతుంది. వాటిలో పేలనివి నేలలో మిగిలి, యుద్ధం ముగిసిన ఏళ్ల తరువాత పొలం దున్నే రైతునూ ఆడుకునే పిల్లవాణ్నీ బలిగొంటాయి. పేలకుండా మిగిలేవి నూటికి ఒకటి కూడా ఉండవని తయారీదారులు చెప్పుకున్న రకాలు సైతం, 2006లో దక్షిణ లెబనాన్‌లో పడిన చోట అంతకు ఎన్నో రెట్లు మిగిలాయని క్షేత్ర పరిశీలనలో తేలింది.

2006 జనవరిలో అణ్వాయుధాల వంతు వచ్చింది: బోయింగ్, హనీవెల్, నార్త్రాప్ గ్రుమ్మన్, బీఏఈ సిస్టమ్స్, ఫిన్‌మెకానికా, సఫ్రాన్ తొలగింపునకు గురయ్యాయి. వీటిలో బీఏఈ, ఫిన్‌మెకానికాల వ్యవహారం కొంత వివరంగా చూడదగ్గది. బ్రిటన్‌కు చెందిన మొదటిదీ ఇటలీకి చెందిన రెండోదీ సొంత పేర్లతో అణుక్షిపణి చేయలేదు. ఐరోపా కంపెనీలు కలిసి నెలకొల్పిన ఎంబీడీఏ అనే ఉమ్మడి సంస్థలో వాటికి వాటాలున్నాయి, ఆ సంస్థ ఫ్రాన్సు వాయుసేన కోసం అణుశిరస్సు మోసే క్షిపణిని తయారుచేస్తున్నది. యాజమాన్యపు గొలుసులో రెండు మూడు లంకెలు దాటి వెళ్లినా బాధ్యత తెగిపోదని మండలి అభిప్రాయపడింది. అంతకంటే పెద్ద సంగతి, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం ఫ్రాన్సును అణ్వాయుధ రాజ్యంగా గుర్తిస్తుంది. అంటే నిధి ప్రమాణం అంతర్జాతీయ చట్టం గీసిన గీత దగ్గర ఆగక, ఇంకొక అడుగు ముందుకు వేసింది.

ఈ దశలోనే కపటం అన్న ఆరోపణ కూడా మొదలైంది, దానికి ఆధారాలు లేకపోలేదు. నార్వే నాటో సభ్యదేశం, అమెరికా అణుఛత్రం కింద ఉన్న దేశం. క్లస్టర్ బాంబులు చేసే కంపెనీల వాటాలు అమ్మిన 2005 నాటికి నార్వే సైన్యం గిడ్డంగులలో అదే జాతికి చెందిన ఫిరంగి గుండ్లు ఉన్నాయి. 2008 డిసెంబరులో ఓస్లోలో క్లస్టర్ ఆయుధాల నిషేధ ఒప్పందంపై సంతకాలు జరిగాక, 2010లో గానీ ఆ నిల్వల ధ్వంసం పూర్తికాలేదు. లాక్‌హీడ్ మార్టిన్ వాటా కొనరాదన్న దేశం అదే కంపెనీ నుంచి 52 ఎఫ్-35 యుద్ధవిమానాలు కొన్నది. ఇక సొంతగడ్డ మీద ఉన్న కాంగ్స్‌బెర్గ్ కంపెనీ క్షిపణులు చేస్తుంది, అందులో సగానికి కొంచెం పైగా వాటా నార్వే ప్రభుత్వానిదే. అయితే చమురు నిధి నార్వే లోపల పెట్టుబడి పెట్టదు కనుక, స్వదేశీ ఆయుధ కంపెనీని ఆ ప్రమాణంతో తూచే అవసరం మండలికి ఎన్నడూ రాలేదు. ఇతరుల ఇల్లు చక్కబెట్టే ముందు సొంత ఇల్లు చూసుకోమనడం తేలికే. అయినా ఆ ఆరోపణ ఒక తేడాను మరచిపోతుంది: ఆత్మరక్షణకు విమానం కొనడం రాజ్యం తన అవసరంగా నిర్ణయించుకుని, ఆ నిర్ణయానికి ప్రజలకు జవాబు చెప్పుకునే పని, లాభం కోసం అణుక్షిపణి తయారీలో భాగస్వామి కావడానికి అటువంటి అవసరం ఏదీ లేదు. రెండో పనికి మొదటిదానికంటే కఠినమైన కొలత పెట్టడంలో తప్పు పట్టవలసింది లేదు.

జాబితా కంటే విలువైనది జాబితా తయారయ్యే పద్ధతి. నైతిక మండలి ఒక కంపెనీని పరిశీలించి, ముసాయిదాను ఆ కంపెనీకే పంపి జవాబు అడుగుతుంది. తరువాత సిఫారసు రాస్తుంది. మొదట తుది నిర్ణయం ఆర్థిక మంత్రిదిగా ఉండేది. ఒక విదేశీ కంపెనీని తీసివేయడం ఆ దేశం మీద రాజకీయ ప్రకటనలా కనిపించకుండా ఉండాలన్న ఉద్దేశంతో 2015 నుంచి ఆ అధికారం కేంద్ర బ్యాంకుకు వెళ్లింది. వాటాలు అమ్మడం పూర్తయ్యాకే నిర్ణయాన్ని ప్రకటిస్తారు, లేకపోతే ప్రకటన వినగానే ధర పడిపోయి నిధికే నష్టం వస్తుంది. ప్రకటనతో పాటు కారణాలన్నీ పేజీలకొద్దీ బహిరంగమవుతాయి. ఇతర దేశాల పింఛను నిధులూ బ్యాంకులూ ఆ పత్రాలను చదివి తమ నిర్ణయాలకు ఆధారంగా చేసుకున్నాయి. రాబడి విషయానికి వస్తే, ఆయుధ, పొగాకు కంపెనీలను వదులుకోవడం వల్ల నిధికి కొంత తగ్గినమాట నిజమే, కేంద్ర బ్యాంకు లెక్కలూ ఆ మాటే చెబుతాయి. నైతికంగా మదుపు చేస్తే లాభం కూడా ఎక్కువే వస్తుందని మార్కెట్ సలహాదారులు చెప్పే తీపి మాట ఇక్కడ నిలవదు.

ఆయుధ స్వభావాన్ని బట్టి గీసిన గీతకు ఒక పెద్ద లోటు ఉంది. నిషిద్ధం కాని మామూలు రాడారు, మామూలు తుపాకీ, మామూలు విమానం ఎవరి చేతికి చేరుతున్నాయన్నది అది అడగదు. ఓలా మెస్టాద్ అధ్యక్షతన 2020లో నివేదిక ఇచ్చిన రెండో సంఘం ఈ లోటును ఎత్తిచూపింది. 2021లో సవరించిన మార్గదర్శకాలలో, సాయుధ సంఘర్షణలో మానవతా చట్టాన్ని తీవ్రంగా, పదేపదే ఉల్లంఘించే రాజ్యాలకు ఆయుధాలు అమ్మే కంపెనీలను కూడా తొలగించవచ్చునన్న ప్రమాణం చేరింది. పదిహేడేళ్ల ముందు మొదటి గీత గీసినప్పుడే రెండోది ఎందుకు తోచలేదని అడగవచ్చు. జవాబు కష్టం కాదు. ఆయుధ స్వభావం కంపెనీ వార్షిక నివేదికలోనే కనిపిస్తుంది, కొనుగోలుదారు నడత మాత్రం రోజురోజుకూ మారే యుద్ధవార్తలలో, రహస్య ఒప్పందాలలో, ఓడల సరుకు కాగితాలలో వెతుక్కోవలసి ఉంటుంది.

ఈ కొత్త ప్రమాణం తెలుగు నేలను కూడా పరోక్షంగా తాకింది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్ సైన్యం తిరుగుబాటు చేసి అధికారం చేజిక్కించుకున్నాక, ఆ సైన్యానికి ఆయుధ సామగ్రి అమ్ముతున్న ముప్పు ఆమోదించలేనంతగా ఉన్నదన్న కారణంతో నార్వే నిధి చైనా కంపెనీ ఏవీచైనాతో పాటు భారత ప్రభుత్వ రంగ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్‌ను కూడా తీసివేసింది. అదే మయన్మార్‌తో ముడిపడిన కారణంగా 2024లో అదానీ పోర్ట్స్ తొలగింపునకు గురైంది. భారత్ ఎలక్ట్రానిక్స్ అంటే తెలుగువారికి మచిలీపట్నం గుర్తుకు వస్తుంది. స్వాతంత్ర్యానికి పూర్వమే ఆ పట్నంలో ప్రయోగశాల పరికరాలతో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో ఈ సంస్థలో కలిసి, రాత్రివేళ చూపునిచ్చే పరికరాలవంటి ఆప్టికల్ సామగ్రి చేసే యూనిట్‌గా మారింది. హైదరాబాదులోనూ ఆ సంస్థకు యూనిట్ ఉంది. నిధి నిర్ణయం ఏ ఒక్క యూనిట్‌నూ ఉద్దేశించినది కాదు, కానీ వాటాదారు దృష్టిలో యూనిట్లు వేరుగా ఉండవు: వాటా కంపెనీ మొత్తానిది, కటకం సానపట్టే బల్ల నుంచి ఎగుమతి ఒప్పందం దాకా అన్నీ అందులోకి వస్తాయి. భారతదేశం మయన్మార్‌తో సరిహద్దు పంచుకుంటున్నది, ఈశాన్య తిరుగుబాటుదారుల విషయంలో ఆ సైన్యంతో అవసరాలున్నాయి అన్న వాదన విదేశాంగ శాఖ వైపు నుంచి బలమైనదే కావచ్చు. ఓస్లోలో కూర్చున్న వాటాదారుకు ఆ అవసరం లేదు గనుక ఆ సమర్థనా వర్తించదు.

2025లో ఈ వ్యవస్థ అసలు పరీక్షకు నిలబడింది. ఆగస్టు మొదట్లో, గాజా మీద యుద్ధంలో పాల్గొంటున్న ఇజ్రాయెల్ యుద్ధవిమానాల ఇంజిన్లకు మరమ్మతులు చేసే బెట్ షెమెష్ ఇంజిన్స్ కంపెనీలో నిధికి సుమారు 2 శాతం వాటా ఉన్నదని నార్వే పత్రిక ఆఫ్తెన్‌పోస్టెన్ బయటపెట్టింది. కొద్దిరోజులలోనే నిధి 11 ఇజ్రాయెల్ కంపెనీల వాటాలు అమ్మివేసింది. నెలాఖరున, బుల్‌డోజర్ల తయారీ సంస్థ కాటర్‌పిల్లర్‌నూ ఐదు ఇజ్రాయెల్ బ్యాంకులనూ నైతిక కారణాలతో తొలగించింది. బుల్‌డోజర్ ఆయుధం కాదు. పాలస్తీనీయుల ఇళ్లనూ ఆస్తులనూ చట్టవిరుద్ధంగా కూల్చడానికి దానిని వాడుతున్నారన్నదే అభియోగం. 2009లో ఎల్బిట్ సిస్టమ్స్‌ను తీసివేసినప్పుడు కూడా కారణం వెస్ట్ బ్యాంకులోని గోడకు అది సమకూర్చిన నిఘా వ్యవస్థే. అయితే ఎల్బిట్ వాటా చిన్నది. కాటర్‌పిల్లర్‌లో నిధికి ఉన్న వాటా విలువ 200 కోట్ల డాలర్లు దాటింది, అది అమెరికా పారిశ్రామిక దిగ్గజం. అమెరికా విదేశాంగ శాఖ తీవ్ర అసంతృప్తి ప్రకటించింది.

ఆ వరుసలో తరువాత ఎవరు? ఇజ్రాయెల్ ప్రభుత్వానికి క్లౌడ్ సేవలు, అంటే సమాచారాన్ని నిల్వచేసి విశ్లేషించే కంప్యూటర్ సామర్థ్యం అద్దెకిచ్చే అమెజాన్, ఆల్ఫాబెట్, మైక్రోసాఫ్ట్‌లు కనిపించాయి. నాటో ప్రధాన కార్యదర్శిగా పనిచేసి వచ్చి ఆర్థిక మంత్రి అయిన యెన్స్ స్టోల్టెన్‌బర్గ్, ఉన్న ప్రమాణాలను అలాగే అమలు చేస్తూపోతే ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీలను వదులుకోవలసి రావచ్చునని, అప్పుడు అది ప్రపంచ మార్కెట్ అంతటా విస్తరించిన నిధిగా మిగలదని వాదించారు. 2025 నవంబరు 4న నార్వే పార్లమెంటు, కొత్త సంఘం సమీక్షించి 2026లో నివేదిక ఇచ్చేవరకు మండలి కొత్త తొలగింపులు సిఫారసు చేయకుండా నిలుపుదల విధించింది.

ఈ నిలుపుదలను పిరికితనంగా చూడటం సులభం, పూర్తిగా అన్యాయమూ కాదు. కానీ కారణం ఇంకా లోతులో ఉంది. మార్కెట్ మొత్తాన్ని కొని ఉంచుకోవడమే వ్యూహంగా పెట్టుకున్న నిధికి ప్రతి కంపెనీ ఒక అంకె. అంకె చిన్నదైనంతకాలం తీసివేత రాబడిని కదిలించదు. క్లస్టర్ బాంబుల కంపెనీలన్నీ కలిపినా ఆ నిధిలో చిన్న మూల. ప్రమాణం కొనుగోలుదారు నడతను అడగడం మొదలుపెట్టాక, పైగా నేటి యుద్ధం లోహంతో సమానంగా సమాచారంతో కూడా సాగుతున్నప్పుడు, దోషం మార్కెట్ నడిబొడ్డులోని కంపెనీలనే వేలెత్తి చూపుతుంది. నడిబొడ్డును తీసివేస్తే వ్యూహం పోతుంది, ఉంచితే ప్రమాణం పోతుంది. అసలు ప్రమాణమనే జల్లెడ గింజ పరిమాణాన్ని బట్టి కన్నాలు మార్చుకోవచ్చునా అన్నదే సమీక్షా సంఘం ముందున్న ప్రశ్న, దానికి మార్చుకోవచ్చునన్న జవాబు వస్తే 2002లో పుట్టిన సూత్రం తలకిందులవుతుంది: ఆనాడు వాటా చిన్నదన్న సాకు చెల్లలేదు, ఇప్పుడు వాటా పెద్దదన్న సాకు చెల్లుతుంది.

భారతదేశంలో ఈ చర్చ ఇంకా మొదలుకాలేదు, మొదలయ్యేందుకు సామగ్రి మాత్రం సిద్ధంగా ఉంది. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ 2015 ఆగస్టు నుంచి కొత్తగా జమ అయ్యే సొమ్ములో మొదట 5 శాతం, తరువాత 15 శాతం వరకు ఈటీఎఫ్‌ల ద్వారా వాటాలలో పెడుతున్నది. ఈటీఎఫ్ అంటే ఒక సూచీలోని కంపెనీల వాటాలను అదే నిష్పత్తిలో మూటకట్టి అమ్మే పథకం. నిఫ్టీ, సెన్సెక్స్ మూటలతో పాటు ప్రభుత్వ రంగ సంస్థల మూటలైన సీపీఎస్ఈ, భారత్ 22 ఈటీఎఫ్‌లలో కూడా ఆ సొమ్ము చేరింది. భారత్ ఎలక్ట్రానిక్స్ ఈ రెండింటిలోనూ ఉంది, 2024 సెప్టెంబరు చివర నిఫ్టీలోనూ చోటు సంపాదించింది. అంటే నార్వే పౌరుల తరఫున వదులుకున్న వాటాను హైదరాబాదు మందుల ఫ్యాక్టరీ కార్మికురాలి తరఫున, విశాఖ ఓడరేవు కాంట్రాక్టు ఉద్యోగి తరఫున ఉంచుకున్నారు. వారి జీతంలోంచి 12 శాతం కోత చట్టం విధించినది. ఏ మూటలో పెట్టాలన్నది వారిని ఎవరూ అడగరు. వాటాలలో పెట్టుబడిని 2015లో కార్మిక సంఘాలు గట్టిగానే వ్యతిరేకించాయి, ఆ వ్యతిరేకత అంతా మార్కెట్ పడిపోతే నష్టం ఎవరిదన్న దాని మీదే సాగింది. కొన్న కంపెనీ ఏం చేస్తుంది, ఎవరికి అమ్ముతుంది అన్న ప్రశ్న అందులో లేదు.

నార్వే నమూనాను తెచ్చి ఇక్కడ నాటడం కుదరదు. ఈటీఎఫ్ మూట నుంచి ఒక్క కంపెనీని విడిగా తీసే వీలు కొన్నవారికి ఉండదు గనుక, ప్రమాణం అంటూ పెడితే దానిని కార్మిక మంత్రిత్వ శాఖ ప్రకటించే పెట్టుబడి విధానంలోనే రాయాలి. సూచీని కాక విడి వాటాలనో, ప్రత్యేకంగా అల్లిన మూటనో కొనాలి. స్వదేశంలో మదుపు చేయని నార్వే నిధికి ఎదురుకాని చిక్కు ఒకటి అక్కడే మొదలవుతుంది. ఉద్యోగులు, యజమానులు, ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చునే కేంద్ర ధర్మకర్తల మండలికి అధ్యక్షుడు కేంద్ర కార్మిక మంత్రి. తీర్పు చెప్పవలసిన భారత్ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో సగానికి పైగా వాటా అదే ప్రభుత్వానిది, ఆ కంపెనీ ఎగుమతులకు అనుమతినిచ్చేదీ ఆ ప్రభుత్వమే.